చాటింపు ఎవరి చెవిన పడుతోంది?

భూమి జోలికి వెళ్ళే చట్టాలు చాలావరకు ఒక షరతు పెడతాయి. అడవిని గనికి ఇచ్చినా, పొలంలోంచి రోడ్డు వేసినా, కొండ మీద విద్యుత్ ప్రాజెక్టు కట్టినా ముందు ఊరికి తెలియజేయాలి, అభ్యంతరాలు వినాలి. గడువులోగా ఎవరూ ఏమీ అనకపోతే అభ్యంతరం లేనట్టే లెక్క. ఆ లెక్కలో ఆడవాళ్ళ మౌనం వాటా ఎంత, ఆ మౌనం ఎలా తయారవుతోంది అని అడిగేవాళ్ళు తక్కువ. అందుకే నోటీసు అనే ఈ చిన్న కాగితాన్ని స్త్రీల హక్కుల సమస్యగా చూడాలంటున్నాను.

కొయ్యూరునే తీసుకుందాం. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే మండలం ఇది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపింది ఇక్కడే. మన్యం జనం ఆయన వెంట నడవడానికి ఉన్న కారణాల్లో 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఒకటి. ఆ చట్టం కూడా చెప్పకుండా అడవిని తీసుకోలేదు. ప్రకటన వేసింది, గడువు పెట్టింది, గడువులోగా వచ్చి చెప్పుకోని హక్కు రద్దయినట్టేనంది. చదువురాని జనానికి కాగితం మీద గడువు పెట్టడం అప్పటి పాలకుల పద్ధతి. దాని పోలికలు నేటి చట్టాల్లోనూ ఉన్నాయి.

2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక ప్రకటన గెజెట్‌లో, రెండు దినపత్రికల్లో, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రావాలి. స్థానిక భాషలో పంచాయతీ, తహసీల్దారు, కలెక్టరు ఆఫీసుల్లో పెట్టాలి. అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు. చదవడానికి బాగానే ఉంది. కానీ పంచాయతీ ఆఫీసు ఒకచోట ఉంటుంది, గూడేలు కొండల వెంబడి చెదురుగా ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక కొయ్యూరుకు జిల్లా కేంద్రం పాడేరు. అలవాటైన పట్నం నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి పోయింది. మన్యంలో నేను మాట్లాడిన స్త్రీలలో చాలామందికి మీటింగు జరిగిన సంగతి అది అయిపోయాకే తెలిసింది. మీటింగు పెట్టే వేళకు వాళ్ళు పోడులోనో జీడితోటలోనో సంతలోనో ఉంటారు.

ఇంకో చిక్కుంది. నోటీసు పట్టా వెంట నడుస్తుంది. పట్టా ఎక్కువగా మగవాడి పేరున ఉంటుంది. పెళ్ళయిన వాళ్ళకు అటవీ హక్కుల పత్రం భార్యాభర్తలిద్దరి పేరున ఇవ్వాలని 2006 చట్టం చెప్పింది గానీ, మిగతా భూములకు ఆ నియమం లేదు. పైగా స్త్రీలు బతికేది పట్టా భూమి మీద మాత్రమే కాదు. అడ్డాకులు, చింతపండు, కొండచీపుర్లు, వంటచెరకు, తాగే నీళ్ళు, అన్నీ ఉమ్మడి నేలవే. గెడ్డకు పట్టా ఉండదు. కాబట్టి గెడ్డ ఎండిపోయే ప్రతిపాదన వచ్చినప్పుడు, నీళ్ళు మోసే మనిషికి విడిగా నోటీసు ఇవ్వాలని ఏ అధికారికీ తోచదు.

చాటింపు సంగతి చట్టాలకు తెలియదా? తెలుసు. పత్రికలు చేరని చోట డప్పు వేయించి ప్రజాభిప్రాయ సేకరణ సంగతి చెప్పాలని 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లోనే ఉంది. అయితే ఆ సభకు కోరం అక్కర్లేదని కూడా అందులోనే ఉంది. ఒక్క ఆడమనిషి రాకపోయినా సభ జరిగినట్టే. అటవీ హక్కుల నియమాలు ఇందుకు భిన్నం. 2012 సవరణ ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలి. ఒకే గూడేనికి, ఒకే కొండ విషయంలో, ఒక చట్టం స్త్రీలు లేకపోతే సభే కాదంటుంది, మరొకటి లేకపోయినా పరవాలేదంటుంది.

1996 పెసా చట్టం గ్రామసభను కేంద్రంగా పెట్టింది. భూసేకరణకు ముందు గ్రామసభనుగానీ తగిన స్థాయి పంచాయతీనిగానీ సంప్రదించాలంది. 1998లో మన రాష్ట్రం చట్టాన్ని సవరించుకుంటూ ఆ సంప్రదింపును మండల పరిషత్తుకు అప్పగించింది. గూడెంలో చెట్టు కింద జరగాల్సిన చర్చ మండలాఫీసు గదిలోకి పోయింది.

ఫలితం ఏమిటో 2015లో చూశాం. ఆ ఏడాది నవంబరు 5న జీవో 97 వచ్చింది. నర్సీపట్నం అటవీ డివిజన్‌లోని జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్ తవ్వకానికి మళ్ళించే ఉత్తర్వు అది. గ్రామసభల సమ్మతి లేదన్నది గిరిజన సంఘాల ప్రధాన ఆరోపణ. ఆందోళనలు పెరిగాక దాన్ని నిలిపేశారు, 2019లో రద్దు చేశారు. అదే బాక్సైట్ కోసం ఒడిశా నియమగిరిలో, 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ముందే అడిగితే వచ్చే జవాబు ఇక్కడ రోడ్డెక్కితేగాని వినిపించలేదు.

సర్పంచుల్లో సగం మంది స్త్రీలేగా, ఇంకా ఏం కావాలని కొందరంటారు. 50 శాతం రిజర్వేషన్ 2011లో సాధించుకున్నదే, విలువైనదే. కానీ సర్పంచికి తెలిస్తే ఊరి స్త్రీలందరికీ తెలిసినట్టు కాదు. తీర్మానం రాసి తెచ్చి సంతకం పెట్టమంటే ఆమె ఒంటరిగా ఏం చేయగలదు? ఇంతమందిని కూర్చోబెడితే పనులు ఆలస్యమవుతాయని మరికొందరంటారు. 2015 జీవో నాలుగేళ్ళు నలిగి రద్దయింది. ఆ ఆలస్యం కంటే గూడెంలో రెండు రోజులు కూర్చోవడం నయం కదా!

ప్రమాదం తగ్గలేదు. అడవి మళ్ళింపుకు కేంద్రం ముందే ఆమోదం ఇచ్చి, హక్కుల పరిష్కారాన్ని తర్వాత రాష్ట్రం చూసుకునే పద్ధతి 2022 నియమాలతో వచ్చింది. అల్లూరి జిల్లా కొండల మీద పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టుల ప్రతిపాదనలు నడుస్తున్నాయి.

అందుకని మనం అడగవలసినవి ఇవి. భూమి వాడకం మార్చే ఏ ప్రతిపాదననైనా పంచాయతీ కేంద్రంలో కాక ప్రతి గూడెంలో చాటాలి, సంతలోనూ చాటాలి. ఎన్ని ఎకరాలు పోతాయో, ఏ గెడ్డ, ఏ దారి, ఏ చెట్లు పోతాయో అక్కడి మాటల్లో చెప్పాలి. స్త్రీలకు వీలైన వేళ సభ పెట్టాలి. మూడోవంతు స్త్రీల కోరం అన్ని చట్టాలకూ వర్తించాలి. తీర్మానాన్ని పైకి చదివి వినిపించాకే సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలి. ఇవి జరిగినట్టు రుజువు లేకపోతే గడువు మొదలు కాలేదనే లెక్కించాలి. నోటీసు అంటించానని అధికారి రాసుకుంటే సరిపోదు. స్త్రీలు విన్నారని సభ చెప్పాలి.