లెడ్జరు బయట: కదిలేచోట కదలనివ్వాలి

కిందటి సంచికలో ఖాతాలకు నామినేషను ఎందుకు రాయించాలో చెప్పాను. ఈసారీ బ్యాంకు సంగతే అనుకుంటున్నారా? కాదండీ, కారు సైలెన్సరు గొట్టం సంగతి. బీకాం చదివి ముప్పయ్యేళ్ళు అంకెలతో కాపురం చేసినవాడికి గొట్టాలతో పనేమిటంటే, దీని వెనక మా చెల్లెలి తలనొప్పి ఉంది.

మా మేనల్లుడికి మోటార్ల పిచ్చి. మేముండేది కోయంబత్తూరు. జి.డి. నాయుడు గారి ఊరు. పక్కనే చెట్టిపాళెంలో కరి మోటార్ స్పీడ్‌వే. ఇక్కడి కుర్రాళ్ళకు ఆ పిచ్చి పట్టకపోతేనే వింత. వాడు పాత మారుతి జెన్ ఒకటి కొని టర్బో బిగించాడు. ఇంజను వదిలేసే పొగతో ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతోనే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోయడం టర్బో పని. వృథాగా పోయేదాని మీద వడ్డీ సంపాదించడమన్నమాట. అంతవరకూ నాకూ నచ్చింది.

టర్బోకు తగిన గొట్టం బజారులో దొరకదు కనుక ఒక షెడ్డులో చేయించాడు. టర్బో దగ్గర్నుంచి బండి వెనకదాకా గట్టి గొట్టమే. మూడు వారాలకు టర్బో పక్కన వెల్డింగు పగిలింది. అతికించారు. అతుకు పక్కన పగిలింది. ఇంకా మందం గొట్టం వేశారు, అదీ పగిలింది. మధ్యలో ఫ్లెక్సు పైపు వేయాలని ఎవరో చెబితే అదీ వేశారు. కాని ఎక్కడ? వెనక సీటు కింద, చెయ్యి సులువుగా పట్టే చోట!

ఆ వారమే వాడు మా చెల్లెల్ని ఆ బండిలో పొళ్ళాచ్చి పెళ్ళికి తీసుకెళ్ళాడు. వాన పడుతోందని అద్దాలన్నీ ఎత్తేశారు. సగం దారిలో ఆవిడకు తలనొప్పి, వికారం. దిగి గాలి తగిలాక తగ్గిందట. రాత్రి ఫోనులో, "అన్నా, కూర్చున్నచోటే నిద్ర ముంచుకొచ్చింది. వాడూ ఒకటే ఆవలింతలు" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. పగిలిన గొట్టంలోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇంకో గంట ప్రయాణముంటే ఏమయ్యేదో తలచుకోలేను.

మర్నాడే వాణ్ణి తీసుకుని నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. నలభై ఏళ్ళుగా వెల్డింగు పని, ఇంట్లో తెలుగే. బండి కిందకు దూరి చూసి బయటికొచ్చి, "ఇంజను ఊగుతుంది నాయనా, బండి ఊగదు. రెంటినీ ఇనుముతో కట్టేస్తే ఏదో ఒకటి తెగాల్సిందే" అన్నారు.

తరవాత మాకు చూపించారు. హ్యాండ్‌బ్రేకు వేసి, మొదటి గేరులో క్లచ్చి సగం వదిలితే ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరిగింది; రివర్సులో రెండో పక్కకు. జెన్‌లో ఇంజను అడ్డంగా ఉంటుంది కనుక ఈ ఊపు ముందుకూ వెనక్కూ. టర్బో, దాని కింద దిగే డౌన్‌పైపు ఇంజనుతోపాటు ఊగుతాయి. వెనక గొట్టమేమో హ్యాంగర్లతో బాడీకి వేలాడుతుంది. పైగా వేడి. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే మీటరుకు సుమారు 8 మిల్లీమీటర్లు సాగుతుంది.

కాబట్టి ఫ్లెక్సు పైపు ఉండవలసిన చోటు ఒక్కటే: ఇంజనుకు బిగించిన ఆఖరి వస్తువుకూ, బాడీకి తగిలించిన మొదటి హ్యాంగరుకూ మధ్య. డౌన్‌పైపు దిగి, వెనక్కి తిరిగి, తిన్నగా సాగేచోట. మా వాడి ఫ్లెక్సు రెండు హ్యాంగర్లు దాటాక ఉంది. అక్కడ ఊపు ఏముంది, అది తీర్చడానికి?

పెద్దాయన చెప్పిన మిగతా మాటలు డైరీలో రాసుకున్నాను. ఫ్లెక్సు అంటే లోపల పలచని ముడతల గొట్టం, పైన తీగల అల్లిక. అది వంగుతుంది, కాస్త కుదించుకుంటుంది. మెలి తిప్పితే మాత్రం ఓర్చుకోదు. అందుకని బిగించేటప్పుడు లాగకూడదు, వంచకూడదు, మెలి పెట్టకూడదు. వెల్డింగు చివరి పట్టీల మీదే చేయాలి, అల్లిక మీద కాదు. డౌన్‌పైపు బరువు టర్బో మీద వేలాడకుండా దాన్ని ఇంజనుకో గేరుబాక్సుకో ఒక బ్రాకెట్టుతో పట్టాలి. ఫ్లెక్సు దాటిన వెంటనే హ్యాంగరు ఉండాలి. వెనక గొట్టం బరువు అది మోయకూడదు. ఆక్సిజన్ సెన్సరు ఉంటే ఫ్లెక్సుకు ముందే పెట్టాలి; ఫ్లెక్సు ఎప్పుడైనా చీలి బయటిగాలి పీలిస్తే సెన్సరు తప్పు లెక్క చెబుతుంది. అన్నిటికంటే ముందు ఇంజను మౌంటింగులు చూడాలి. రబ్బరు చచ్చిపోయి ఉంటే ఏ ఫ్లెక్సూ నిలవదు.

ఆరంగుళాల ఫ్లెక్సు సరైన చోట పడింది. మళ్ళీ పగలలేదు.

ఇక నా ఉద్యోగ ధర్మంగా ఒక మాట. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ తయారుచేసిన లక్షణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ ఆ మాటే ఖాయం చేసింది. రోడ్డు మీద ఏదైనా జరిగితే బీమా క్లెయిము దగ్గర చిక్కులు తప్పవు. ఇది వాడికి మొదట్లోనే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. ముచ్చటపడి ఊరుకున్నాను, ఆ తప్పు నాది. ఇప్పుడా బండి లారీ మీద ట్రాకుకు వెళ్ళి, లారీ మీదే వస్తోంది. మా చెల్లెలు బస్సులో వెళ్తోంది.

మీ ఇంట్లో టర్బో ఉండకపోవచ్చు, కారు ఉండవచ్చు. కింద చప్పుడు మారినా, బండెక్కితే తల బరువెక్కి దిగితే తగ్గుతున్నా, ఎండ వల్లనో ఖాళీ కడుపు వల్లనో అనుకోకండి. వెంటనే బండి ఆపి అందరూ కిందికి దిగండి, తలనొప్పి తగ్గకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మెకానిక్కు చూసేదాకా ఆ బండి ఎక్కకండి.

వచ్చే సంచికలో మళ్ళీ బ్యాంకుకే వస్తాను.