‘బీరు మాత్రమేనండీ!’

“తాగే అలవాటు ఉందా?” అని ఓ.పి.లో డాక్టరుగారు అడిగితే మన ప్రాంతంలో వినిపించే జవాబులు మూడు. “లేదండీ” అనేది ఒకటి. “ఎప్పుడైనా, ఫంక్షన్లకి” అనేది రెండోది. ఇక మూడోది, మగవారు కాస్త ధైర్యంగానే చెప్పేది, “లేదండీ, బీరు మాత్రమేనండీ!” అని. పక్కన కూర్చున్న ఇల్లాలు కూడా ఆ మాటకు అడ్డు చెప్పదు. బ్రాందీ కాదు, విస్కీ కాదు, బీరే కదా అని ఆమె కూడా సమాధానపడి ఉంటుంది. ఆ ‘మాత్రమే’ అనే మాట గురించే ఈ వ్యాసం.

బీరు ఇష్టపడేవారిని వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. రుచి అనేది ఎవరి నాలుకకు వారిది. ఒకరు కింగ్‌ఫిషర్ తప్ప ముట్టనంటారు. ఒకరికి నాకౌట్ కావాలి, మరొకరికి బడ్‌వైజర్. ఆవకాయ ఎవరింటిది బాగుందో వాదించుకున్నట్టే వీటి గురించీ వాదించుకుంటారు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. మన పెద్దలకు కల్లు విషయంలో ఇంతకంటె సూక్ష్మమైన రుచులు ఉండేవి. పోతు తాడి కల్లు వేరు, పండు తాడి కల్లు వేరు, ఈత కల్లు మరీ వేరు. తెల్లవారుజామున దించినది తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. ఏ చెట్టుదో ఒక్క గుక్కలో చెప్పగలిగినవారు ఊరికి ఇద్దరు ముగ్గురైనా ఉండేవారు. అది నిజమైన రుచి జ్ఞానమే.

అయితే ఇప్పుడు బీరు విషయంలో మనం ‘రుచి’ అంటున్నది నిజంగా రుచేనా? దీనికి మన రాష్ట్రంలోనే ఒక పరీక్ష జరిగింది. 2019 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. ఆ తరువాతి సంవత్సరాల్లో పేరున్న కంపెనీల బీర్లు చాలా చోట్ల దొరకలేదు. అంతకుముందు ఎవరూ వినని పేర్లు అరల్లోకి వచ్చాయి. 2020 మే నెలలో ధరలు రెండు రోజుల వ్యవధిలో మొత్తం 75 శాతం పెరిగాయి. 2024 అక్టోబరు 16న మళ్ళీ ప్రైవేటు దుకాణాలు తెరుచుకున్నాక పాత పేర్లు తిరిగి వచ్చాయి. ఆ విధానంలోని మంచిచెడ్డలు రాజకీయ నాయకులు, పత్రికలు చాలినంత మాట్లాడారు. ఇక్కడ మనకు కావలసింది వేరే ప్రశ్న. తన బీరు దొరకనప్పుడు, దాని రుచి కోసమే తాగుతున్నానన్న మనిషి ఏం చేశాడు?

బంగినపల్లి మామిడి అంటే ప్రాణమిచ్చే వ్యక్తిని తీసుకోండి. సీజన్ అయిపోయిందని అతను రోజూ సాయంత్రం పుల్లటి కాయ ఒకటి కొనుక్కుని, ముఖం చిట్లించుకుంటూ తినడు. వచ్చే వేసవి దాకా ఆగుతాడు. బీరు దగ్గర అలా ఆగినవారు కొందరు ఉన్నారు. “మన బ్రాండు లేదు, ఎందుకులే” అని మానేశారు. వాళ్ళు నిజంగా రుచి కోసమే తాగినవారు, వాళ్ళకు ఆ ఐదేళ్ళు పెద్ద కష్టంగా గడవలేదు. చాలామంది మాత్రం “ఇదేం బీరురా బాబూ” అని తిట్టుకుంటూనే ఆ కొత్తదాన్ని తాగారు. కొందరు కృష్ణ దాటి తెలంగాణ నుంచి తెచ్చుకున్నారు, అందులో కొందరు చెక్‌పోస్టుల దగ్గర పట్టుబడ్డారు కూడా. నచ్చనిదాన్ని, పెరిగిన ధరకు, రోజూ కొనుక్కుని తాగించేది రుచి కాదు. దాని పేరు వేరే. ఆ సంవత్సరాల్లో తాను ఏం చేశాడో ఎవరికి వారే గుర్తు చేసుకోవచ్చు. డాక్టరుగారి దగ్గర చేయించుకునే ఏ పరీక్షకూ తీసిపోని పరీక్ష అది.

ఇంకొక సంగతి. మన దగ్గర బీరు అంటే ‘చిల్డ్’. ఐసుగడ్డలా ఉండాలి. గ్లాసు బయట నీళ్ళు కారుతుంటేనే బీరు అంటారు. నాలుక అంత చల్లబడితే చేదూ తీపీ వాసనా సరిగా తెలియవు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన మామిడిపండు రుచి తగ్గినట్టే ఇదీను. బీరును రుచికోసం తాగే దేశాల్లో చాలా రకాలను అంత చల్లగా ఇవ్వరు. జర్మనీలో గోధుమలతో చేసే బీరుకు లవంగం, అరటిపండు కలిసిన వాసన ఉంటుంది, అది దానిలో వాడే ఈస్టు వల్ల వస్తుంది. ఐర్లండువారి గిన్నెస్ నల్లగా, పైన మీగడలాంటి నురుగుతో ఉంటుంది. వేయించిన బార్లీ వల్ల దానికి ఆ రంగు. చూస్తే ఎంత ఘాటో అనిపిస్తుంది గాని దానిలో ఆల్కహాలు 4.2 శాతమే. మన దుకాణంలో బంగారు రంగులో తళతళలాడే స్ట్రాంగ్ బీరు దానికి దాదాపు రెండింతలు. ఉద్యోగాలకని విదేశాలు వెళ్ళిన మన పిల్లలు ఈ తేడా చూసి ఆశ్చర్యపోతుంటారు.

జర్మనీ ప్రస్తావన వచ్చింది గనుక ఒక చిన్న మాట. 1842లో హేయర్ గారు గుంటూరు వచ్చినప్పటినుంచి ఈ జిల్లాలో లూథరన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. అప్పుడప్పుడు ఎవరో ఒకరు నవ్వుతూ, “లూథరుగారు కూడా తాగారు కదండీ” అంటుంటారు. నిజమే. ఆయన భార్య కేథరినా విట్టెన్‌బర్గులో ఇంట్లోనే బీరు కాచేది. అప్పటికి ఆ దేశానికి టీ, కాఫీలు రాలేదు. ఇళ్ళలో రోజువారీ తాగే బీరు చాలావరకు పలచనిది. దాన్ని చూపించి 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసాకు అనుమతి తెచ్చుకోవడం, మజ్జిగ తాగారని చెప్పి నెయ్యి డబ్బా ఎత్తినట్టు ఉంటుంది.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం 5 శాతం వరకు ఆల్కహాలు ఉంటే మామూలు బీరు, 5 దాటి 8 వరకు ఉంటే స్ట్రాంగ్. మనవారు ఎక్కువగా అడిగేది స్ట్రాంగే. “లైటు నీళ్ళలా ఉంటుందండీ” అంటారు. ఆ మాటలోనే గుట్టు బయటపడుతుంది గాని, లెక్క చూడండి. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతం అంటే 52 మిల్లీలీటర్ల శుద్ధమైన ఆల్కహాలు. తూకంలో సుమారు 41 గ్రాములు. 60 మిల్లీలీటర్ల విస్కీ, అంటే ఒక పెద్ద పెగ్గు, అందులో ఉండేది సుమారు 20 గ్రాములు. అంటే ఒక స్ట్రాంగ్ బీరు రెండు పెద్ద పెగ్గులకు సమానం. రెండు సీసాలు తాగితే ఒక క్వార్టరు బాటిలు, దానిమీద ఇంకొక పెద్ద పెగ్గు తాగినట్టు. క్వార్టరు తాగే మనిషిని తాగుబోతు అని, రెండు బీర్లు తాగే మనిషిని సరదా మనిషి అని అంటున్నాం. కాలేయానికి ఈ పేర్లు తెలియవు. దానికి గ్రాములే తెలుసు.

ఆ గ్రాములను కాలేయం నెమ్మదిగానే ఖర్చు చేస్తుంది. చాలామందిలో గంటకు 7 నుంచి 10 గ్రాములు. రాత్రి 11 గంటలకు రెండో సీసా ముగించిన మనిషి తెల్లవారి 6 గంటలకు బండి తీస్తే, నిద్రపోయి లేచాడు గనుక మత్తు దిగిపోయిందని అనుకుంటాడు. రక్తంలో ఇంకా ఉండవచ్చు. వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. నిమ్మకాయ నీళ్ళు, చన్నీళ్ళ స్నానం ఆ లెక్కను తగ్గించవు.

బీరు గురించి మన దగ్గర ఉన్న నమ్మకాలు కూడా ఈ ‘మాత్రమే’కి బలం ఇస్తున్నాయి. బ్రాందీ వేడి, బీరు చలవ అంటారు. చల్లగా ఉన్నది చలవ చేస్తుందనుకోవడం వల్ల వచ్చిన చిక్కిది. ఆల్కహాలు మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. రోహిణి కార్తె ఎండలో పొలం నుంచి వచ్చి బీరు తాగడం కంటె ఉప్పు వేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగడం మేలు. కిడ్నీలో రాళ్ళకు బీరు మందు అని ఇంకొకటి. మూత్రం ఎక్కువ రావడం నిజమే, కాని ఏర్పడిన రాయి బీరుకు కరగదు. రాళ్ళున్నవారికి కావలసింది రోజుకు రెండు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటన్ని మంచినీళ్ళు. పైగా బీరు యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. బొటనవేలి కీలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని గౌట్ జబ్బు బీరు తాగేవారిలో ఎక్కువని 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. సారాయి జాతివాటికంటె కూడా బీరుకే ఆ దోషం ఎక్కువగా కనిపించింది. సన్నగా ఉన్న కుర్రాళ్ళకు “బీరు తాగరా, ఒళ్ళొస్తుంది” అని చెప్పే పెద్దమనుషులు ఉన్నారు. ఒక్క స్ట్రాంగ్ సీసాలో ఆల్కహాలు వల్లనే సుమారు 290 కాలరీలు. ఒళ్ళు వస్తుంది, పొట్టకు వస్తుంది. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మకూడదు, బీరు కూడా మద్యమే.

వీటన్నిటికంటె భయపెట్టే సంగతి వేరే ఉంది. అది షుగరు వ్యాధి ఉన్నవారి ఇళ్ళలో జరుగుతుంది. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు గాని వాడుతున్న మనిషి సాయంత్రం రెండు బీర్లు తాగి, బజ్జీలతో కడుపు నింపుకుని, అన్నం తినకుండా పడుకుంటాడు. ఆల్కహాలును తేల్చే పనిలో పడిన కాలేయం రక్తంలోకి చక్కెరను సరిగా వదలదు. మాత్ర తన పని తాను చేసుకుపోతుంది. అర్ధరాత్రికి చక్కెర పడిపోతుంది. చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, పిలిస్తే అర్థంపర్థం లేకుండా పలుకుతాడు. ఇంట్లోవారు ఏమనుకుంటారు? “తాగి పడుకున్నాడు, పొద్దున్నకు దిగుతుందిలే” అనుకుంటారు. పొద్దున్నకు లేవకపోవచ్చు. తాగిన షుగరు రోగి ఇలా కనిపిస్తే గ్లూకోమీటరు ఉంటే వెంటనే చూడండి. మింగగలిగిన స్థితిలో ఉంటే చక్కెర నీళ్ళు పట్టండి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. తాగాడని చెప్పడానికి సిగ్గుపడవద్దు.

టి.బి. మందులు వాడేవారికీ ఇదే మాట. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మందులు కాలేయం మీద ఎంతో కొంత భారం వేస్తాయి, ఆరు నెలలపాటు దాని మీద బీరు కూడా వేయకూడదు. మెట్రోనిడజోల్ మాత్ర వాడుతూ బీరు తాగి వాంతులతో వచ్చేవారు “మాత్ర పడలేదండీ” అని చెబుతుంటారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ఆ ఉద్యమం నాటి భాషలో శత్రువు పేరు సారా. ఆ పేరు పోయాక మద్యం మర్యాద వేషంలో, పెళ్ళి విందుల్లోకి, క్రికెట్ మ్యాచ్ తరువాతి పార్టీల్లోకి బీరు రూపంలో వచ్చి కూర్చుందని నా అభిప్రాయం. సారా ప్యాకెట్టు తెస్తే గుమ్మంలో నిలదీసిన ఇంట్లోనే ఈవేళ ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన బీరు సీసాకు చోటు దొరుకుతోంది.

అసలు తాగకపోతే అన్నిటికంటె మంచిది. ఆల్కహాలు విషయంలో హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, క్యాన్సరు కారకాల జాబితాలో అది 1988 నుంచీ ఉంది. ఇప్పుడే మానలేనివారు కనీసం సీసా మీద శాతం చదవండి. స్ట్రాంగ్ నుంచి మామూలు బీరుకు, పెద్ద సీసా నుంచి 330 మిల్లీలీటర్ల చిన్న సీసాకు దిగితే 41 గ్రాములు 13 అవుతాయి. రుచి కోసమే అయితే ఆ చిన్న సీసాలో రుచికి లోటేమీ ఉండదు.

చాలా ఏళ్ళుగా రోజూ మూడు నాలుగు స్ట్రాంగ్ బీర్లు తాగుతున్నవారు మాత్రం ఇది చదివి రేపటినుంచే ఒక్కసారిగా ఆపేయవద్దు. ఆపిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి, మరికొందరికి మూడో రోజుకు లేనిపోనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. దానికి మందులున్నాయి, డాక్టరుగారి పర్యవేక్షణలో వారం పది రోజుల్లో చాలామంది గట్టెక్కుతారు. దూరాన ఉన్నవారు ప్రభుత్వ ఉచిత నంబరు 14446కు ఫోను చేసి మాట్లాడవచ్చు. వచ్చేటప్పుడు ఇంటివారిని ఒకరిని వెంట తెచ్చుకోండి, వాడుతున్న మాత్రల చీటీలన్నీ తీసుకురండి.