పొదుపు లెక్కలో కనబడని క్వార్టర్లు

సంపాదకులకు,

నేటి యువత సొంతిల్లు కొనలేకపోవడానికి దుబారాయే కారణమని గత సంచికలోని వ్యాసం తేల్చిన తీరు, కనీసం సికింద్రాబాదు విషయంలో, లెక్కలో సగాన్ని వదిలేసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన తరువాత లాలాగూడ, చిలకలగూడ, మెట్టుగూడల రైల్వే క్వార్టర్లలో, అంటే ఉద్యోగమున్నంతకాలం సంస్థే కేటాయించే ఇళ్లలో, కాపురమున్న కుటుంబాలు ఇంటి అద్దె భత్యాన్ని వదులుకున్నా నామమాత్రపు అద్దెతో గడుపుకొని, పిల్లల చదువులు, పెళ్లిళ్లు అయ్యాక, భవిష్యనిధి, గ్రాట్యుటీ సొమ్ముతో మల్కాజిగిరి, మౌలాలి వైపు స్థలం కొనగలిగేవి. ఆనాటివారి పొదుపును తక్కువ చేయనక్కరలేదు గాని, దానికి ఆసరాగా నిలిచిన క్వార్టరును వ్యాసకర్త ప్రస్తావించనే లేదు.

నేడు ప్రైవేటు ఉద్యోగంలో చేరినవారు మొదటి నెల నుంచే బజారు అద్దె కట్టవలసిందే. ఇక కొనుగోలుకు వస్తే, మారేడుపల్లిలో పాత ఇల్లు కూల్చి, స్థలం యజమానిది, కట్టుబడి ఖర్చు బిల్డరుది, ఫ్లాట్లు ఇద్దరికీ వాటాలుగా ఉండే డెవలప్‌మెంట్ ఒప్పందం కుదిరినప్పుడు, ఫ్లాటు కొన్నవారికి నేలలో దక్కేది అవిభక్త వాటా, అనగా హద్దు గీసి విడదీయలేని కొద్ది గజాల హక్కు మాత్రమే. నెలవాయిదా కోసం భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే ఇంట్లో వడియాలు పెట్టడానికి పెరడూ లేదు, తీరికా లేదు, అటువంటివారు స్వగృహ ఫుడ్స్ దుకాణంలో కొనే ఆవకాయను సైతం వ్యాసకర్త (పాపం, దాని ధర ఎంతని!) దుబారా పద్దులోనే రాశారు.

— ఒక పాఠకుడు, సికింద్రాబాదు