సేనాని ఇల్లు

సైనికుడు అనగానే మనకు యుద్ధరంగమే జ్ఞాపకం వస్తుంది. తుపాకి, మీసం, రొమ్ము నిండా పతకాలు. ఆయనకూ ఒక ఇల్లున్నదనీ, ఆ ఇంట్లోనూ పిల్లల జ్వరాలు, బడి జీతాలు, పాలవాడి లెక్కలు ఉంటాయనీ వెంటనే తోచదు. మన కవులు కూడా వీరుణ్ణి వీరతిలకం దిద్ది సాగనంపడంలో చూపిన శ్రద్ధ, నెరసిన జుట్టుతో అతడు ఇల్లు చేరిన తర్వాతి కథ మీద చూపలేదు. అందుచేత ఈ వారం ఫీల్డ్ మార్షల్ మానెక్ షాను యుద్ధరంగం నుంచి కాక, వారి ఇంటి గుమ్మంలో నుంచి చూద్దాం.

ఆయన 1914 ఏప్రిల్ 3న అమృత్‌సర్‌లో ఒక పార్సీ డాక్టరు గారింట పుట్టారు. తానూ లండను వెళ్లి వైద్యం చదువుతానని పట్టుపట్టారు. ‘ఇంకా చిన్నవాడివి, ఇప్పుడే కాదు’ అన్నారు తండ్రి. కుర్రవాడు అలిగి మిలిటరీ పరీక్షకు కూర్చుని, 1932లో డెహ్రాడూన్ అకాడమీ మొట్టమొదటి జట్టులో చేరిపోయాడు. తండ్రి మీద అలిగిన కొడుకులు మన ఇళ్లల్లోనూ ఉన్నారు. కాని ఇంత దూరం వెళ్లిన అలక అరుదు!

1937లో లాహోరులో సిల్లూ బోడే అనే బొంబాయి అమ్మాయితో పరిచయమైంది. 1939 ఏప్రిల్ 22న పెళ్లి. తేదీలు కాస్త గమనించండి. పెళ్లైన అయిదో నెలలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1940 జనవరిలో పెద్దమ్మాయి షెర్రీ పుట్టింది. 1942 ఫిబ్రవరిలో బర్మాలో సిట్టాంగ్ వంతెన దగ్గర తండ్రి పొట్టలో గుండ్లు దిగాయి. ఇక బ్రతకడనుకుని, చనిపోయినవారికి మిలిటరీ క్రాస్ ఇవ్వరు గనుక, జనరల్ కోవన్ తన పతకం రిబ్బనే తీసి ఆయన రొమ్మున గుచ్చారని చెబుతారు. నౌకరు సిపాయి మోసుకువెళ్లి డాక్టరుకు అప్పగించడం వల్ల ప్రాణం నిలిచింది. అప్పటికి ఇంట్లో ఉన్నది రెండేళ్ల పిల్ల. పతకం ఆయన రొమ్మున ఉన్నది సరే, ఆ వార్త విన్న ఇల్లాలి గుండె దిటవుకు పతకం ఎవరిచ్చారు?

1945లో రెండో అమ్మాయి మాయా పుట్టింది. రెండేళ్లకు దేశ విభజన. ఉమ్మడి కుటుంబంలో పంపకాలు జరిగితే ఇత్తడి బిందె దగ్గరా, పెరటి చెట్టు దగ్గరా మనసులు విరగడం మనకు తెలుసు. అప్పుడు పంచుకున్నది పటాలాలను. మానెక్ షా ఉద్యోగ జీవితం మొదలైన ఫ్రాంటియర్ ఫోర్స్ రెజిమెంటు పాకిస్తాను వంతుకు వెళ్లింది. కలిసి తిన్నవారు, కలిసి గాయపడ్డవారు అవతలివారయ్యారు. ఆయన ఇటు గూర్ఖా పటాలంలో కొత్త చుట్టరికం కలుపుకున్నారు.

ఆ తర్వాత వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి అధిపతిగా ఉండగా ఆయన మీద విచారణ నడిచింది. నిర్దోషి అని తేలింది. కాని విచారణ నడిచినన్నాళ్లు ఇంటి యజమాని ముఖం ఎలా ఉంటుందో, ఇంటిల్లిపాదీ ఎంత మెల్లగా మాట్లాడుకుంటారో ఉద్యోగస్థుల కుటుంబాలకు నేను చెప్పనక్కరలేదు.

1969లో సైన్యాధిపతి అయ్యారు. 1971 డిసెంబరు 3 నుంచి 16 వరకు జరిగిన యుద్ధంలో సుమారు 93,000 మంది లొంగిపోయారు. ఆ గెలుపును పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నాకు ఎక్కువగా నచ్చేది, ఆడవారి జోలికి పోవద్దనీ, అటువంటి తలపు వస్తే చేతులు జేబుల్లో పెట్టుకుని తనను తలుచుకోమనీ ఆయన జవాన్లకు చెప్పారనే మాట. ఇద్దరు ఆడపిల్లల తండ్రి మాట అది.

1973 జనవరిలో ఫీల్డ్ మార్షల్ అయి, అదే నెలలో విధుల నుంచి దిగి, నీలగిరి కొండల్లో కూనూరులో కాపురం పెట్టారు. ఇంటికి ‘స్టావ్కా’ అని పేరు. రష్యను భాషలో సైన్యపు ప్రధాన స్థావరమని అర్థం. ఫీల్డ్ మార్షల్‌కు పదవీ విరమణ లేదు, చివరి శ్వాస వరకు కొలువులో ఉన్నట్టే లెక్క. అయినా అందుకు తగిన జీతం ఏళ్ల తరబడి అందలేదు. అప్పటి రాష్ట్రపతి కలాం గారు కూనూరులో ఆయనను చూసివచ్చిన తర్వాత, 2007లో కోటి రూపాయలకు పైబడిన బకాయి చెక్కు వచ్చింది. అప్పటికి ఆయనకు తొంభై దాటాయి. అరవై ఒక్క ఏళ్లు కాపురం చేసిన సిల్లూ గారు 2001లోనే కన్నుమూశారు. 2008 జూన్ 27న ఆయనా వెళ్లిపోయారు. ఊటీలో భార్య సమాధి పక్కనే ఆయనకూ చోటిచ్చారు.

అంతటివారికే అంత ఆలస్యమైతే మామూలు హవల్దారు మాట ఏమిటి? పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అంటారు. తరతరాలుగా అక్కడి ఇళ్లు సైన్యానికి కొడుకులను ఇచ్చాయి. జవాను చాలామంది ఉద్యోగస్థులకంటే ముందే, నలభై అటూ ఇటూగా ఇంటికి వస్తాడు. పిల్లల పెద్ద చదువులు అప్పుడే మొదలవుతాయి. తీరా ఆయన పోయాక కుటుంబ పింఛను కోసం వెళితే, రికార్డులో భార్య పేరు ఒకటి, ఆధార్‌లో మరొకటి!

కాబట్టి మీ ఇంట మాజీ సైనికుడుంటే ఈ ఆదివారం పింఛను కాగితాలు బయటికి తీయించండి. భార్య పేరు, పుట్టిన తేదీ, జంట ఫోటో సరిగా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఆయన ఉండగా చేయించవలసిన పని ఇది. ఆయన సరిహద్దులో ఉన్నన్నాళ్లు ఇల్లు నిలబెట్టిన ఇల్లాలికి ఆ మాత్రం దక్కాలి గదా!