బ్రేకు డబ్బాకు చోటెక్కడ?

మన కోయంబత్తూరు వాండ్లకు యంత్రం కంటబడితే చేయి ఊరుకోదు. పత్తిమిల్లు సామానైనా, బావి మీది పంపైనా, విప్పి చూచి మళ్లీ బిగిస్తేనే గాని తృప్తి ఉండదు. జి.డి. నాయుడుగారు 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి-పళని దారిన సర్వీసు నడిపినదీ, 1937లో ఆయనా డి. బాలసుందరం నాయుడుగారూ కలిసి పీళమేడులో కరెంటు మోటారు చేయించినదీ మన ఇండ్లలో పిల్లలకు కూడ తెలిసిన కథలే. ఆ వరుసలోనే లక్ష్మీ మిల్స్ వారింటి బిడ్డ ఎస్. కరివర్ధన్ ఈ ఊరిలోనే పందెపు కార్లు కట్టినాడు. 1988లో ఆయన తెచ్చిన ఫార్ములా మారుతి కారుకు ఇంజిను మారుతి 800దే. ఆ కార్లలో పందెం మొదలుపెట్టిన మన ఊరి నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ దాకా పోయినాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయినాడు. అప్పటికి నలభై దాటీ దాటని వయసు. చెట్టిపాళయంలో 2003లో తెరచిన పందెపు బాట ఆయన పేరు మీదనే ఉన్నది.

ఈ వారసత్వం మంచిదే గాని, దీనివలన మన పిల్లవాండ్లకు ఒక ధైర్యం అబ్బింది: కారు అంటే ఇంజినూ చాసిసూ అని, తక్కినవి తరువాత ఎక్కడో ఒకచోట తగిలించవచ్చునని. ఆ ‘ఎక్కడో ఒకచోట’ను గురించే ఈ నెల మాకు మధుర నుండి ఒక జాబు వచ్చింది. ఒక అన్నగారి కుమారుడు ఇంటి వెనుక కొట్టంలో రెండు సీట్ల స్పోర్ట్సు కారు కడుతున్నాడు. ఇంజిను ముందు, పెడళ్లు నేల మీద, మాస్టరు సిలిండర్లు ఇంకా కిందికి. బ్రేకు ఆయిల్ డబ్బాలు రెండూ ఎగ్జాస్టు గొట్టం మీదుగా బిగించినాడు. అడిగితే, ‘‘పెడళ్లు కుడిప్రక్కన, ఎగ్జాస్టూ కుడిప్రక్కనే, దగ్గరగా ఉన్న చోటు అదే’’ అన్నాడట. ‘‘మా మాట వినడు, మీరు వ్రాస్తే చదువుతాడు’’ అని ఆ తండ్రి మనవి.

నాయనా, చదువు. ముందుగా ఆ పేరే ఒక చిక్కు. బ్రేకు ఆయిల్ అని అందరమూ అంటాము గాని అది మామూలు నూనె కాదు. అది గ్లైకాల్ జాతి ద్రవము. బ్రేకుల రబ్బరు వాషర్లు దానికి తగినట్టు చేసినవి. తెలియక ఇంజిను ఆయిల్ పోస్తే అవి ఉబ్బి పట్టుకొంటవి. ఇంకొకటి, డబ్బాకు వేసే గొట్టం. బజారులో చవకగా దొరికే పెట్రోలు గొట్టం ఈ ద్రవానికి నిలువదు, మెత్తబడి ఉబ్బుతుంది. బ్రేకు ద్రవానికని చేసిన గొట్టమే అడిగి తేవలెను.

ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకొనే గుణమున్నది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగదు. తేమ పట్టినదానికి కనీసపు లెక్క 155 డిగ్రీలే. డాట్ 3 అయితే 205 నుండి 140కి దిగుతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడలు నేలదాకా పోతుంది, కారు ఆగదు. అటువంటి ద్రవాన్ని తీసుకొనిపోయి ఎగ్జాస్టు సెగ మీద పెట్టడమా? అంతకన్న పెద్ద భయం మరొకటి. మూత వదులై నాలుగు చుక్కలు కాలుతున్న గొట్టం మీద పడితే అంటుకొంటుంది. రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, అది వేరే దుఃఖం.

అయితే అబ్బాయి చెప్పిన ‘దగ్గర’ అనేది కారణం కానేకాదు. డబ్బా నుండి మాస్టరు సిలిండరుకు పోయే గొట్టంలో ఒత్తిడి లేదు. కాలు తొక్కిన బలమంతా సిలిండరు నుండి చక్రాలకు పోయే ఇనుప పైపులలోనే. పై గొట్టంలో ద్రవం తన బరువుతో తాను దిగుతుంది, అంతే. కనుక అది ఒక అడుగు ఉన్నా మూడడుగులు ఉన్నా బ్రేకుకు తేడా లేదు. డబ్బాలను ఇంజినుకూ మనిషికీ నడుమ ఉన్న రేకుగోడ మీద ఎడమప్రక్క పైభాగాన బిగించి, గొట్టాలను అడ్డంగా నడిపించుకొమ్మను. ఒకటే నిబంధన: సిలిండరు నుండి డబ్బా దాకా గొట్టం ఎక్కుతూనే పోవలెను. నడుమ ఒంటెమూపులాగ లేచి దిగితే ఆ మూపులో గాలి కూర్చుంటుంది; ఎంత బ్లీడింగు చేసినా కదలదు. పంపు పీల్చే పైపులో గాలి చేరితే నీళ్లు ఎక్కవని మన తోటలలో ఎవరికి తెలియదు!

బావి మాట వచ్చింది గనుక ఎత్తు సంగతీ చెప్పుదాము. సిలిండరూ డబ్బా రెండూ చక్రాల దగ్గరి బ్రేకులకన్న పల్లంలో ఉంటే, కాలు తీసిన తరువాత ద్రవం మెల్లగా వెనుకకు జారుతుంది. తరువాతి సారి తొక్కినప్పుడు మొదటి తొక్కు వట్టిది. పందెంలో ఆ ఒక్క తొక్కు చాలు ప్రాణం మీదికి తేవడానికి. దీనికి కొందరు పైపులో చిన్న వాల్వు వేస్తారు, డిస్కు బ్రేకులకు చదరపు అంగుళానికి 2 పౌన్ల ఒత్తిడి నిలిపేది, డ్రమ్ములకు 10 పౌన్లది. బావిలో ఫుట్‌వాల్వు చేసే పనే అది. వాల్వు మంచిదే, కాని డబ్బాను ఎత్తున పెట్టడానికి వీలున్నప్పుడు అదే ముందు చేయవలసిన పని అని మా అభిప్రాయం. ఎత్తుకు ఖర్చు లేదు, చెడిపోయే భాగమూ లేదు.

డబ్బా ఆకారం కూడ చూచుకోవలె. నిండు చెంబుతో బస్సులో నిలబడినవారికి తెలుసు, బ్రేకు వేస్తే నీళ్లు ముందుకే పొర్లుతవి. మంచి టైర్లున్న పందెపు కారు గట్టిగా ఆగితే డబ్బాలో మట్టం 45 డిగ్రీల దాకా వాలుతుంది. అడుగు పొడవైన వెడల్పు డబ్బా అయితే వెనుకనున్న గొట్టపునోరు బయటపడి, పెడలు వదలిన క్షణాన సిలిండరు ద్రవానికి బదులు గాలిని పీలుస్తుంది. కనుక సన్నగా నిలువుగా ఉన్న డబ్బా, దాని నోరు ముందువైపుకు. మూతకున్న సన్న రంధ్రాన్ని మైనం పెట్టి మూయరాదు. మట్టం దిగినకొద్దీ గాలి లోపలికి రావాలి.

రెండు డబ్బాలు ఎందుకని కూడ అన్నగారు అడిగినారు. ముందు చక్రాలకు ఒక దారి, వెనుక చక్రాలకు ఒక దారి. ఒకటి కారిపోయినా రెండవది నిలవాలి. చెట్టిపాళయం బాట మీద ఇంజనీరింగు కాలేజీ పిల్లలు తమ కార్లతో పోటీపడిన ఫార్ములా భారత్ నియమాలలోనూ ఇదే ఉన్నది: దారులు రెండు, దేని ద్రవం దానికి వేరుగా. ఒకే డబ్బా వాడితే లోపల అడ్డుగోడ ఉండి తీరాలి. ఈ విషయంలో అబ్బాయి చేసినది సరియే.

మధురలో 1911 నుండి బస్సుల వ్యాపారం ఎరిగిన టి.వి.యస్. వారి కుటుంబమే లూకాస్ కంపెనీతో కలిసి 1962లో బ్రేక్స్ ఇండియా పెట్టింది. కనుక సామాను దొరకదనే మాట ఆ ఊరివారు చెప్పరాదు. తెల్లని ప్లాస్టిక్ డబ్బా, కనిష్ఠ గరిష్ఠ గీతలు ఉన్నది కొనవలె. మెరిసే అల్యూమినియం డబ్బా చూపుకు అందమే గాని, మూత తీస్తే తప్ప మట్టం తెలియదు. బ్రేకు ప్యాడ్లు అరిగినకొద్దీ మట్టం దిగుతుంది, కారిపోయినా దిగుతుంది. డ్యాషుబోర్డు లోపల దాచినా, పన్నెండు మరలు విప్పితే గాని తెరవని బాడీ కింద పెట్టినా, ఎవరూ చూడరు. బానెట్ ఎత్తగానే ఇంట్లో అమ్మగారికి కూడ కనబడేటట్టు ఉండాలి.

అన్నగారూ, అబ్బాయి మొదటిసారి కారు బయటికి తీసేలోపల మీరు ఒక పని చేయండి. డబ్బాలు నింపించి, అతనిని సీటులో కూర్చుండబెట్టి, పెడలును గట్టిగా తొక్కి అరనిమిషం పట్టుకొమ్మనండి. కాలి కింద పెడలు మెల్లగా దిగిందా అడగండి. మీరు టార్చిలైటుతో ప్రతి అతుకూ చూడండి. ఆ రాత్రి ఒక పాత దినపత్రిక కారు కింద పరచి, తెల్లవారి తడి ఉన్నదేమో చూడండి. కారు పందెపు బాటకో, సొంత స్థలానికో మాత్రమే. ప్రభుత్వ పరీక్ష, రిజిస్ట్రేషను లేనిది రోడ్డు మీదికి తేరాదు. రెండేండ్లకొకసారి ద్రవం పూర్తిగా మార్చవలె. సీసా మూత తెరచి అల్మారాలో పెట్టిన పాత ద్రవం దానిలో పోయవద్దని కూడ చెప్పండి.

క్లచ్చి డబ్బాను గురించి ఆయన అడిగిన రెండవ ప్రశ్నకు వచ్చే నెల.