పాట మీద పంచాయితీ – 4: డప్పుకి గేటు బయటే చోటు

"డీజే పాటలతో పిల్లలు చెడిపోతున్నారు. పాటంటే ఘంటసాల కాలానిదే." మొన్న స్టాఫ్ రూములో ఓ పెద్దాయన తేల్చేశారు. సరే, ఆ కాలానికే పోదాం.

1951లో ‘పాతాళ భైరవి’ వచ్చింది. సంగీతం ఘంటసాలదే. మరుసటి ఏడాది కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటంటేనే చౌకబారు సరుకు. ఆకాశవాణి నుంచి దాన్ని దాదాపు వెళ్లగొట్టాడు. జనం రేడియో సిలోన్ తిప్పుకున్నారు. ప్రభుత్వం దిగొచ్చి 1957లో వివిధ భారతి పెట్టింది. ఆనాడు సంస్కృతికి చేటన్న పాటే ఈనాడు మీ స్వర్ణయుగం!

ఈ విసుగు డీజే దగ్గర ఆగదు. వార్షికోత్సవంలో డప్పు కొడతామని పిల్లలు అడిగితే "అది చావుకి కొట్టేది" అన్నది ఈ స్టాఫ్ రూమే. వీణకి వేదిక, డప్పుకి గేటు బయట. మాదిగ చేతిలో ఉంటే మైల, అదే దరువు సినిమాలో పడితే సూపర్ హిట్.

ఆడవాళ్లను కించపరిచే చరణాన్ని నిలదీద్దాం. అది డీజేలో ఉన్నా, మీ స్వర్ణయుగంలో ఉన్నా. దరువు వినగానే ముక్కు మూసుకోవడాన్ని మాత్రం సంగీతాభిరుచి అనకండి. దాని పేరు కులం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి డప్పుకి అనుమతి రాతపూర్వకంగా అడగండి. కాదంటే కారణం కూడా రాసిమ్మనండి. ఆ మాట కాగితం మీద పెట్టడానికి ఎవరి చెయ్యి ఆడుతుందో చూద్దాం.

జై భీమ్.