రేకుల కింద నీళ్ల సీసాలు

మనవాళ్లకి ఒక అలవాటుంది. చెత్తతో ఏదో చేశారని పేపర్లో రాగానే "అబ్బ, భలే" అనుకుని నలుగురికీ ఫార్వర్డ్ చేసేస్తాం, అక్కడితో మర్చిపోతాం. ప్లాస్టిక్ సీసాలతో వేడి ఆపే పలకలు చెయ్యడం కూడా అలాంటి కబురే. నా మటుకు నాకు ఇది ఫార్వర్డ్ చెయ్యాల్సింది కాదు, నిజామాబాద్‌లో పెట్టి చూడాల్సింది.

ఇందులో మాయేం లేదు. వేడిని ఆపేది అసలు ప్లాస్టిక్ కాదు, దాని మధ్య ఇరుక్కుని కదలకుండా ఉండే గాలి. సీసాల్ని కడిగి, ముక్కలు చేసి, కరిగించి సన్నటి దారాలుగా లాగితే పాలియెస్టర్ దూది వస్తుంది. మన దిండ్లలో ఉండేలాంటిదే. దాన్ని మందంగా పరిచి వత్తితే తేలికైన పలక తయారు.

ఏసీలో కూచునే మనకి దీని అవసరం తక్కువ. మే నెలలో 45 డిగ్రీల దాకా పోయే ఊళ్లో, రేకుల కింద రోజంతా బీడీలు చుట్టే ఆడవాళ్లకి ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, మంచిదే. కప్పు పైన ఎండని తిప్పికొట్టే సంగతి అది. రేకు కిందివైపు సంగతి కూడా చూడాలిగా?

అయితే ఒక బగ్ ఉంది, చిన్నదేం కాదు. ప్లాస్టిక్ అంటుకుంటుంది. 2017 జూన్‌లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. మంట అంతలా పాకడానికి ముఖ్య కారణం గోడలకి తొడిగిన పలకల్లోని పాలిథిలీనే. మరి బీడీలు చుట్టే ఇంట్లో ఎండు తునికాకు, పొగాకు, పక్కనే పొయ్యి! నిప్పు పరీక్ష పాసవ్వని పలకని అక్కడ పెట్టడమంటే టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి తోసెయ్యడమే. కాదు, అంతకన్నా ఘోరం, ఇక్కడ రోల్‌బ్యాక్ ఉండదు. కాబట్టి దాని కింద జిప్సం బోర్డు లాంటి మండని పొర ఉండి తీరాలి.

"బోధన్ పక్కన చెరకు పిప్పి ఉండగా ప్లాస్టిక్కే ఎందుకు?" అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో 1920లలోనే సెలోటెక్స్ కంపెనీ పిప్పితో ఇలాంటి బోర్డులు చేసి అమ్మింది. కానీ మిల్లు ఆడితేనే కదా పిప్పి. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. మిల్లు ఆడే చోట కూడా పిప్పి ముందు బాయిలర్‌కే పోతుంది. సీసాలకి మాత్రం కరువు లేదు, ఏ ఫంక్షన్ హాల్ వెనక చూసినా గుట్టలే.

ముందు ఓ పది ఇళ్లలో పెట్టి చూద్దాం. లోపల ఎన్ని డిగ్రీలు తగ్గింది, ఎంత ఖర్చయింది, నిప్పుకి ఎంతసేపు ఆగింది, ఈ మూడూ తేలాక అప్పుడు భలే అందాం. సివిల్, మెకానికల్ వాళ్లెవరైనా ఉంటే కాస్త లెక్క కట్టి చెప్పండి. ఏమంటారు?